క్రిస్మస్ విందుకు పెద్దమాంసం రోస్ట్: డెల్టా వంటింట్లో మూడు రోజుల పని

మా గోదావరి డెల్టాలో పెద్దమాంసం అంటే కూరే. అంగుళం ముక్కలు కొట్టించి, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి పట్టించి, కుక్కర్లో ఆరేడు విజిళ్ళు రానిచ్చి దింపుతాం. క్రిస్మస్ నాడు మాత్రం ఒకే పెద్ద కండను ముక్కలు చెయ్యకుండా వండి, బల్ల మీద పెట్టి, అందరి ఎదుటా కోసి వడ్డించాలన్న సరదా కొన్ని ఇళ్ళలో ఉంటుంది. ఆ సరదాతో విదేశీ వంట విధానం ఏదో ఒకటి చూసి దిగినవారు చాలామంది ఒక్క అనుభవంతో మళ్ళీ కూరకే తిరిగి వెళ్ళిపోతారు.

నేనూ అలాగే వెళ్ళిపోవలసినదాన్ని. మొదటిసారి రెండు కిలోల తొడ కండ తెచ్చి, పైన మిరియాలూ వెన్నా రాసి, 200 డిగ్రీల ఓవెన్లో గంటంబావు ఉంచాను. బయటకు తీస్తే చూడటానికి పుస్తకంలో బొమ్మలాగే ఉంది గాని, కత్తి దిగలేదు. దిగినచోట ముక్క నార తాడులా సాగింది. మా అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, "పోన్లే అమ్మా, రేపు కుక్కర్లో పడేసి పులుసు పెట్టేద్దాం" అన్నారు. నేను దాన్ని మరీ ఎక్కువసేపు కాల్చేశాననుకుని బాధపడ్డాను. అసలు పొరపాటు అది కాదని, ఇంకా రెండు గంటలు తక్కువగా ఉడికించానని మర్నాడు ఆ పులుసు తిన్నాకే అర్థమైంది. అదే మాంసం, కుక్కర్లో ఇంకో గంట ఉడికేసరికి వెన్నలా విడిపోయింది.

ఈ విషయం ఒక్కటి పట్టుబడితే మిగిలినదంతా ఓపిక సంగతే.

మన మాంసం వేరు, వాళ్ళ లెక్క వేరు

విదేశీ విధానాల్లో చెప్పే రోస్ట్ సాధారణంగా మాంసం కోసమే పెంచిన లేత ఎడ్లది. కదలిక తక్కువ, మేత ఎక్కువ. కండ మధ్యలో కూడా సన్నటి కొవ్వు చారలుంటాయి. అందుకే వాళ్ళు లోపల గులాబీ రంగు ఉండగానే దింపినా మెత్తగా ఉంటుంది. మనకు దొరికేది గేదె, దున్నపోతుల మాంసం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి పరుచుకున్నాక, మోకాలి లోతు బురదలో దమ్ము చెయ్యడానికి దున్నపోతును మించిన పశువు ఈ చేలకు లేకపోయింది. ట్రాక్టర్లు వచ్చి ఆ పని తగ్గినా, అంగడికి వచ్చేది ఇప్పటికీ చాలావరకు వట్టిపోయిన గేదో, పని ఉడిగిన దున్నో అయి ఉంటుంది. చట్టం కూడా ఆ దారినే నడుస్తుంది: 1977 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆవునూ దూడలనూ వధించడం నిషేధం కాగా, తక్కిన పశువులను పనికీ, పాడికీ, సంతతికీ ఇక పనికిరావని ధ్రువపత్రం ఇచ్చాకే వధించాలి. అంటే ముదురు పశువు మాంసమే మన చేతికి రావడం యాదృచ్ఛికం కాదు. దానికి తగిన వంటను ఎంచుకోవడమే మన పని.

ముదురు పశువు కండను కట్టి ఉంచే పొరలూ, తెల్లటి పట్టీలూ కొల్లాజెన్ అనే మాంసకృత్తితో ఏర్పడతాయి. మాంసం లోపలి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుండగా ఈ పొరలు ముడుచుకుని, తడిబట్టను పిండినట్టు కండలోని నీటిని బయటకు తోసేస్తాయి. 70 డిగ్రీల దగ్గర మాంసం అన్నిటికంటే గట్టిగా, పొడిగా ఉంటుంది. నేను మొదటిసారి దింపింది సరిగ్గా ఆ చోటనే. అక్కడితో ఆగకుండా తడి వేడిలో కొనసాగిస్తే ఆ కొల్లాజెన్ నెమ్మదిగా కరిగి జిలాటిన్‌గా మారుతుంది, 80 దాటాక ఆ కరుగుడు వేగం అందుకుంటుంది. లోపల 90 నుంచి 95 డిగ్రీలకు చేరి, అక్కడ గంటసేపు నిలిచిన కండలో నీరు నిజానికి తక్కువే ఉన్నా, కరిగిన జిలాటిన్ పోగుపోగునూ పూసి ఉంచుతుంది గనుక నాలుకకు రసవంతంగా తగులుతుంది. మేకకాళ్ళ సూపు చల్లారాక గిన్నెలో తాటిముంజెలా పేరుకోవడం చూసినవారికి ఈ జిలాటిన్ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

23వ తేదీ తెల్లవారుజామున: అంగడిలో

పండగ 25న అయితే మాంసం 23నే తెచ్చుకోవాలి. 24 సాయంత్రం రద్దీలో మీకు కావలసిన కండ మిగలదు. అంతకు మించిన కారణం ఇంకొకటి ఉంది: కోసిన కొద్ది గంటలకు పశువు కండలు బిగుసుకుపోతాయి, ఆ బిగువు సడలడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. మనం "తాజాది" అని మురిసిపోయి ఆ పూటే పొయ్యి ఎక్కించే మాంసం బిగుసుకున్న మాంసమే. కూర ముక్కలకు ఇది పెద్దగా తేడా చెయ్యదు గాని, రెండు కిలోల కండకు చేస్తుంది.

ఏ భాగం అడగాలన్నది సగం వంట. జబ్బ దగ్గరి కండ రోస్టుకు అన్నిటికంటే అనువైనది. అందులో పొరలూ, కాస్త కొవ్వూ కలిసి ఉంటాయి. మెడ మాంసం రుచిలో దాన్ని మించుతుంది గాని, ఆకారం కుదరక ముక్కలుగా విడిపోతుంది. తొడ కండ చూడటానికి నిండుగా, ఎర్రగా, అందంగా ఉంటుంది. కొవ్వు బొత్తిగా లేనందువల్ల అది తేలికగా పీచుబారుతుంది. అంగడివాళ్ళు గొప్పగా చూపించేది ఎప్పుడూ తొడనే కాబట్టి జాగ్రత్తగా ఉండండి. నేను వెళ్ళగానే, "బాబాయ్, ముక్కలు కొట్టకండి, జబ్బలో ఒకే కండ రెండు కిలోలకు తగ్గకుండా కావాలి" అని ముందే చెబుతాను. కత్తి ఆగుతుంది. "రోస్టుకాండీ? అయితే ఆ పక్కది కాదుండండి, ఇది తీస్తాను" అని లోపలి కొక్కేనికి ఉన్నది దింపుతాడు. ఎందుకన్నది చెప్పని గిరాకీకి ఎదురుగా ఉన్నదే తూకం వేస్తారు.

గేదె మాంసం ముదురు ఎరుపుగా, దాదాపు నేరేడు పండు ఛాయకు దగ్గరగా ఉంటుంది, కొవ్వు తెల్లగా ఉంటుంది. ఆ ముదురు రంగును చూసి నిల్వ సరుకు అనుకోనక్కరలేదు. వాసన పుల్లగా ఉన్నా, పైన జిగురు తగిలినా, వేలితో నొక్కిన గుంట తిరిగి లేవకపోయినా వదిలెయ్యాలి. ఎనిమిది మందికి రెండు కిలోలు సరిపోతుంది. ఉడికేసరికి మూడో వంతు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ తగ్గి కిలోంబావు దగ్గర తేలుతుంది. వాటితోపాటు అరకిలో మూలుగ బొమికలు విడిగా అడగండి, గ్రేవీకి పనికొస్తాయి.

ఇంటికి తెచ్చాక రెండు తప్పులు చెయ్యకూడదు. మొదటిది, మాంసాన్ని కుళాయి కింద పెట్టి పదేపదే కడగడం. అలా కడిగితే సింకు నిండా, పక్కనున్న గిన్నెల మీదికీ సూక్ష్మక్రిములు చిందుతాయే తప్ప మాంసం శుభ్రపడదు. బొమిక పొడి ఏమైనా ఉంటే తడిపి పిండిన బట్టతో తుడిచి, పొడి బట్టతో అద్దితే చాలు. రెండోది, ఇంకా వెచ్చగా ఉన్న మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రీజరులోకి తోయడం. బిగువు రాకముందే గడ్డకట్టిన కండ, తర్వాత కరిగేటప్పుడు విపరీతంగా ముడుచుకుపోతుంది, ఎంత ఉడికించినా ఆ బిరుసు పూర్తిగా పోదు. ఫ్రిజ్జులో మామూలు అరలో, అదీ అన్నిటికంటే కింది అరలో పెట్టాలి. కింద ఎందుకంటే, మాంసం నుంచి కారే నీరు పెరుగు గిన్నెలో పడకుండా.

ఉప్పు పట్టించడం

ఈ వంటలో నేను తూకం తప్పకుండా వాడేది ఒక్క ఉప్పుకే. కిలో మాంసానికి 13 గ్రాముల లెక్కన రెండు కిలోలకు 26 గ్రాములు. మెత్తటి ఉప్పయితే నాలుగు టీస్పూన్లకు కాస్త పైన. గల్లుప్పు అయితే చెంచా కొలత నమ్మకండి, రాయి పెద్దదైన కొద్దీ చెంచాలో పట్టేది తగ్గిపోతుంది, కాబట్టి దంచి తూచుకోండి.

23 మధ్యాహ్నం కండను అన్ని వైపులా ఈ ఉప్పుతో రుద్ది, ఒక పళ్ళెంలో స్టీలు జల్లెడ బోర్లించి దాని మీద ఉంచి, మూత పెట్టకుండా ఫ్రిజ్జులో వదిలెయ్యాలి. మొదటి అరగంటలో పైన నీటి చెమట పడుతుంది. అది చూసి కంగారుపడి తుడిచేస్తే ఉప్పంతా పోయినట్టే. ఆ నీటిలో ఉప్పు కరిగి, తిరిగి కండలోకి నెమ్మదిగా ఇంకుతుంది. మర్నాటికి పైభాగం ఆరి, ముట్టుకుంటే తోలులా గరుకుగా ఉంటుంది, ఎరుపు ఇంకా ముదురుతుంది. అలా ఆరడమే మనకు కావలసింది, ఎందుకంటే తడిగా ఉన్న మాంసం బాణలిలో ఉడుకుతుందే గాని వేగదు.

ఇక్కడ చాలామంది పచ్చి బొప్పాయి సంగతి అడుగుతారు. మన పెరళ్ళలో కాసేదే, ముదురు మాంసం కూరలో రెండు ముక్కలు వెయ్యడం మన అలవాటే. బొప్పాయి పాలలోని పపైన్ మాంసకృత్తులను తెంచేస్తుందన్నది నిజం. కానీ అది పైపై పొరను దాటి లోపలికి పోదు. పెద్ద కండకు రాత్రంతా పట్టించి ఉంచితే పైన అర అంగుళం పిండిలా అయిపోయి లోపల ఎప్పటిలాగే ఉంటుంది. కూరకు వాడండి, రోస్టుకు వద్దు. పెరుగు, నిమ్మరసం కూడా అంతే.

24 మధ్యాహ్నం: అసలు వంట

25 నాడు వండకుండా 24నే వండమని చెప్పడానికి కారణం పండగ పూట చర్చికి వెళ్ళాలనొక్కటే కాదు. చల్లారిన కండ చెదరకుండా కోతకు వస్తుంది, గ్రేవీ మీది కొవ్వు పేరుకుని ఒక్క పట్టున తీసెయ్యడానికి వీలవుతుంది, మసాలా ఘాటు తగ్గి రుచి ఒకదానిలో ఒకటి కలుస్తుంది. అర్ధరాత్రి ఆరాధనకు బయలుదేరేలోగా ఈ పని ముగిసిపోవాలంటే మధ్యాహ్నం రెండింటికల్లా పొయ్యి వెలిగించాలి.

కావలసినవి ఇవి. అరకిలో ఉల్లిపాయలు నిలువుగా తరిగి, 60 గ్రాముల వెల్లుల్లి, 50 గ్రాముల అల్లం కచ్చాపచ్చాగా దంచి, ఆరు పచ్చిమిరపకాయలు చీల్చి, రెండు రెబ్బల కరివేపాకు దూసి పెట్టుకోవాలి. రెండు టేబుల్ స్పూన్ల ధనియాలు, టీస్పూను జీలకర్ర, రెండు టీస్పూన్ల మిరియాలు, రెండంగుళాల దాల్చినచెక్క, ఆరు లవంగాలు, నాలుగు ఏలకులు దోరగా వేయించి, మెత్తగా కాకుండా రవ్వగా దంచాలి. నాలుగు టేబుల్ స్పూన్ల వేరుశనగ నూనె, చిన్న ఉసిరికాయంత చింతపండు, ఒక లేత అరిటాకు, గట్టి నూలు దారం దగ్గర ఉంచుకోవాలి. కారం నేను ఒక టీస్పూను మించి వెయ్యను; మిరియాల ఘాటు ముందుండాలి. గోదావరి జిల్లాల వాళ్ళకు ఇది చప్పగా అనిపిస్తే గ్రేవీలో సరిచేసుకోవచ్చు, కండలో కాదు.

ముందుగా కండను ఫ్రిజ్జు నుంచి తీసి, పోగులు ఏ దిక్కున నడుస్తున్నాయో చూసి, ఒక చివర ఆ పోగులకు అడ్డంగా చిన్న గాటు పెట్టండి. ఉడికాక పోగుల దిక్కు తెలియదు. ఆ గాటే రేపు కత్తి ఎటు నడవాలో చెబుతుంది. తర్వాత రెండేసి అంగుళాలకు ఒక కట్టు చొప్పున దారంతో బిగించి, రోకలి బండలా గుండ్రంగా చెయ్యాలి. కట్టు లేని కండ ఉడికేటప్పుడు ఒకవైపు పల్చబడి ఎండిపోతుంది.

దళసరి ఇనుప మూకుడో, అడుగు మందమైన గిన్నెనో పెద్ద మంట మీద బాగా కాల్చి, నూనె పోసి, అది సన్నగా పొగ రేగుతుండగా కండను వదలండి. వదిలాక కదపకూడదు. నాలుగైదు నిమిషాలకు అడుగు దానంతటదే విడుస్తుంది; లాగితే అంటుకుని రాకపోతే ఇంకా వేగలేదని అర్థం. అన్ని వైపులా, రెండు చివరలూ కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇలా వేయిస్తే లోపలి రసం బయటకు రాకుండా పొర కడుతుందని ఒక మాట ప్రచారంలో ఉంది, అది సరికాదు. పొరే కట్టి ఉంటే ఆ చిటపటలు ఎప్పుడో ఆగిపోవాలి. ఆ చప్పుడు లోపలి నీరు వచ్చి నూనెలో పడుతున్న చప్పుడే. వేయించేది రంగు కోసం, రుచి కోసం. ఉపరితలం 140 డిగ్రీలు దాటితేనే ఆ గోధుమరంగు రుచి పుడుతుంది, నీటిలో ఉడికినంత సేపూ మాంసం 100 దాటదు. కాబట్టి ఈ పని ఇప్పుడు చెయ్యకపోతే తర్వాత చెయ్యలేం.

కండను పక్కకు తీసి, అదే నూనెలో బొమికలు రెండు నిమిషాలు తిప్పి, ఉల్లిపాయలు వేసి మంట తగ్గించండి. ఉల్లిపాయలు వదిలే నీటితో అడుగున అంటిన మాడు కరిగి వస్తుంది, గరిటెతో గీకి కలపాలి. గ్రేవీకి రంగు అక్కడి నుంచే. ఉల్లి ఎర్రబడటానికి ఇరవై నిమిషాలు తక్కువ పట్టదు. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, చివరగా దంచిన మసాలా వేసి, పచ్చివాసన పోయాక అరలీటరు వేడినీళ్ళు పొయ్యాలి. ఉప్పు వెయ్యకండి, కండలోని ఉప్పు కొంత గ్రేవీలోకి దిగుతుంది.

ఇప్పుడు కండను ఉల్లిపాయల పరుపు మీద పెట్టండి. నీరు దాని ఎత్తులో మూడో వంతుకు మించకూడదు. మునిగేలా పోస్తే అది రోస్టు కాదు, పులుసు. అరిటాకును మంట మీద చూపించి మెత్తబరిచి, కండకు ఆనేలా పైన కప్పి, అంచులు గిన్నె లోపలికి దోపి, దాని మీద మూత పెట్టాలి. ఆకు కింద ఖాళీ లేకపోవడంతో ఆవిరి కండ మీదే నీరై కారుతుంది, పైభాగం ఎండదు. విదేశీ వంటల్లో ఈ పనికి ప్రత్యేకమైన కాగితం వాడతారు. మన అరిటాకు దానికంటే మెరుగని నా అభిప్రాయం, వాసన అదనం.

ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీలకు ముందే వేడిచేసి గిన్నెను అందులో పెట్టాలి. గిన్నె, మూత కలిపి లోపల పడుతుందో లేదో మాంసం కొనకముందే చూసుకోండి. లేనివారు గ్యాసు పొయ్యి మీద ఇనుప దోసెపెనం పెట్టి, దాని మీద గిన్నె ఉంచి, చిన్న పొయ్యిని అతి సన్నటి మంటకు తిప్పాలి. పెనం లేకుండా నేరుగా పెడితే రెండో గంటలోనే అడుగంటుతుంది. మూత తీసి చెవి పెడితే బుడగలు ఒకటొకటిగా, తీరిగ్గా, "బుళుక్... బుళుక్" మని వినపడాలి, గలగలమని మరిగితే మంట ఎక్కువైనట్టే, పోగులు విడిపోయి పొడిబారతాయి. ముప్పావుగంటకొకసారి కండను తిరగేసి, నీరు తగ్గితే గ్లాసుడు వేడినీళ్ళు చేర్చండి.

కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళకు ఇంకా మంచి దారి ఉంది. సరుగుడు కట్టెలు మండి నిప్పులయ్యాక మంట లాగేసి, గిన్నెను నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా కొబ్బరి చిప్పల నిప్పులు పరుస్తారు. కింద, పైన సమంగా నిదానపు వేడి తగులుతుంది గనుక ఇది మన పాతకాలపు ఓవెనే. గంటకోసారి నిప్పులు మార్చే మనిషి ఒకరు కావాలి, అంతే.

ఎంతసేపు అంటే, మూడు గంటల దగ్గర చూడటం మొదలుపెట్టండి. మాంసపు థర్మామీటరు ఉంటే కండ నడిమధ్యలో 93 డిగ్రీలు చూపించాలి. 75 దాటాక ముల్లు చాలా నెమ్మదిగా కదులుతూ విసుగు పుట్టిస్తుంది, మంట పెంచాలనిపిస్తుంది, పెంచకండి. థర్మామీటరు లేకపోతే సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడాలి: కుండలోని గడ్డపెరుగులో దిగినట్టు దిగి, బయటకు తీసేటప్పుడు కండ చువ్వను పట్టుకోకుండా వదిలెయ్యాలి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ కొల్లాజెన్ ఇంకా కరగలేదు. లేత పశువైతే మూడున్నర గంటలకు ఈ స్థితి వస్తుంది, ముదురైతే నాలుగున్నర దాటవచ్చు. గడియారం చూసి కాదు, చువ్వ చూసి దింపండి.

కుక్కర్‌ను బొత్తిగా కాదనను. పెద్ద కుక్కర్లో ఇదే అమరికతో, మొదటి విజిలు వచ్చాక మంట బాగా తగ్గించి యాభై నిమిషాలు ఉంచితే మాంసం మెత్తబడుతుంది. లోపల వేడి 120 డిగ్రీల వరకు పోతుంది కాబట్టి పోగులు కొంత బిరుసెక్కుతాయి, కోత అంత నున్నగా రాదు. తొందరపడి బరువు ఎత్తి ఆవిరి వదిలితే ఇంకా నష్టం: ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవడంతో కండ లోపలి నీరు మరిగి బయటకు తన్నుకొస్తుంది. దానంతటదే దిగనివ్వాలి.

చల్లార్చడం

ఉడికిన కండను గ్రేవీలోనే అరగంట వదిలి, తర్వాత వెడల్పాటి గిన్నెలోకి తీసి, గ్రేవీ వడకట్టి వేరే గిన్నెలో పోసి, రెండింటినీ చల్లటి నీళ్ళ పళ్ళెంలో ఉంచి ఆరబెట్టండి. దింపినప్పటి నుంచి రెండు గంటల్లోపు అవి ఫ్రిజ్జులో ఉండాలి. డిసెంబరు చలి ఉంది కదా అని రాత్రంతా వంటింటి గట్టు మీద వదలడం మన ఇళ్ళలో మామూలే గాని, మన చలి ఫ్రిజ్జు చలి కాదు. ఇంత పెద్ద కండ నడిమధ్యలో తెల్లవార్లూ గోరువెచ్చగానే ఉంటుంది, సూక్ష్మక్రిములకు అంతకంటే అనువైన చోటు లేదు. వడకట్టగా మిగిలిన ఉల్లిముద్దను పారెయ్యకుండా, బొమికలు ఏరేసి, మూలుగ తట్టి అందులోనే కలిపి, అదీ భద్రం చెయ్యండి.

25న: కోత, వడ్డన

ఉదయం ఆరాధన నుంచి తిరిగి వచ్చాక ముప్పావుగంట పని. గ్రేవీ మీద తెల్లగా పేరుకున్న కొవ్వు బిళ్ళను అట్లకాడతో లేపి తీసెయ్యండి. కింద గ్రేవీ కదిలిస్తే వణుకుతూ ఉంటే, నిన్నటి వంట సవ్యంగా జరిగినట్టే. దాన్ని ఉల్లిముద్దతో కలిపి మెత్తగా రుబ్బి, పొయ్యి మీద గరిటెజారుగా చిక్కబడనిచ్చి, అప్పుడు చింతపండు రసం, కారం, ఉప్పు రుచి చూసి వేసుకోవాలి. ముందే వేస్తే చిక్కబడేకొద్దీ పులుపూ ఉప్పూ ముదిరి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

దారం తెంపి, నిన్న పెట్టిన గాటును చూసుకుని, దానికి సమాంతరంగా, అంటే పోగులకు అడ్డంగా, పెన్సిలు మందాన కొయ్యండి. చల్లటి కండ మీద పదునైన కత్తిని ముందుకూ వెనక్కూ పొడవుగా లాగాలి, నొక్కకూడదు. పోగుల వెంట కోస్తే ఎంత మెత్తగా ఉడికినా ముక్క తాడులా నోటికి అడ్డం పడుతుంది. అడ్డంగా కోస్తే పోగు పొడవు పెన్సిలు మందమే గనుక పంటికి ఇట్టే విడుతుంది. అతిథుల ఎదుట కొయ్యాలన్న ముచ్చట ఉంటే సగం కండ అలాగే ఉంచి, సగం ముక్కలు కోసి పక్కన పేర్చండి.

అన్నీ కలిపి వెడల్పాటి పళ్ళెంలో సర్ది, సగం గ్రేవీ పోసి, మూత పెట్టి సన్నటి వేడి మీద, ఓవెన్ అయితే 160 డిగ్రీల మీద, ముక్క మధ్యలో పొగలు వచ్చేదాకా వేడిచెయ్యాలి. థర్మామీటరు లెక్కలో అది 74 డిగ్రీలు. కోయకుండా ఉంచిన కండ ఉంటే దానికి ఇంకాస్త సమయం పడుతుంది. చివరి ఐదు నిమిషాలు మూత తీసి పై మంట తగలనిస్తే మెరుపు వస్తుంది. వడ్డించే పళ్ళాలను వేడినీళ్ళలో ముంచి తుడిచి పెట్టుకోండి, ఎందుకంటే ఈ కొవ్వు నెయ్యి కంటే త్వరగా గడ్డకట్టి పెదవులకూ అంగిటికీ మైనంలా అంటుకుంటుంది.

పక్కన ఏముండాలన్నది మీ ఇష్టం. ఆ కాలానికి పెండలం, చిలగడదుంప, కొత్త బంగాళాదుంపలు సంతలో నిండుగా ఉంటాయి. సగం ఉడికించి, తీసి పెట్టిన ఆ కొవ్వులోనే రెండు చెంచాలు వేసి ఎర్రగా వేయిస్తే రోస్టుకు వాటిని మించిన తోడు లేదు. కొబ్బరి అన్నం, ఉల్లి పెరుగు చట్నీ చాలు. మసాలా పలావు పెడితే గ్రేవీ రుచి దానిలో కలిసిపోతుంది. పంక్తిలో పెద్దమాంసం తినని చుట్టాలూ స్నేహితులూ ఉంటారు కాబట్టి వాళ్ళకు వేరే గిన్నెలు, వేరే గరిటెలు కేటాయించి, ఏది ఏదో కూర్చోకముందే చెప్పడం మర్యాద. దుంపలు కూడా వాళ్ళకు వేరే నూనెలో వేయించాలి. ఇది నేను ఒకసారి మరిచిపోయి చాలా సిగ్గుపడ్డాను.

లేత కండ దొరికితే

వెన్నెముకకు లోపలి వైపు, కిడ్నీల పక్కన ఉండే సన్నటి పొడవాటి కండ పశువు నడకలో దాదాపు పనిచెయ్యదు. అంగళ్ళలో దాన్ని అండర్‌కట్ అంటారు, ముందుగా చెప్పి ఉంచితే తప్ప దొరకదు. కొల్లాజెన్ లేనంత తక్కువ కాబట్టి పైన చెప్పిన లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. ఉప్పు పట్టించి, మూకుడులో రంగు వచ్చేలా వేయించి, 180 డిగ్రీల ఓవెన్లో మూత లేకుండా ఉంచి, లోపల 65 డిగ్రీలు చూపించగానే తీసి, పావుగంట కదపకుండా వదిలి కొయ్యాలి. కిలో కండకు ఓవెన్లో అరగంట అటూ ఇటూ పడుతుంది. దీన్ని నాలుగు గంటలు ఉడికిస్తే పీచు తప్ప ఏమీ మిగలదు. థర్మామీటరు లేకుండా దీని జోలికి వెళ్ళవద్దని నా సలహా.

మిగిలినది గ్రేవీతో సహా మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్జులో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. తినేటంతే తీసి వేడిచేసుకోవాలి. డబ్బా మొత్తాన్ని పదేపదే వేడిచేసి చల్లారిస్తే మూడో రోజు దాకా ఆగదు. మా ఇంట్లో అంతవరకు ఎప్పుడూ రాలేదు. 26 ఉదయం మినపగారెలు వేసి, ముక్కలు సన్నగా చీల్చి గ్రేవీలో కలిపి వేడిచేస్తే, నిన్న బల్ల దగ్గర మొహమాటపడినవాళ్ళు కూడా పొయ్యి దగ్గరికే వచ్చి నిలబడతారు.